గుండె పొర

షెకీ బజారులో
కసాయి కొట్టు తెరవకముందే నిలబడతాను.
"ఎద్దు గుండె కావాలి."
"ఎన్ని కిలోలు?" అంటాడు ఎల్మద్దీన్, మొదటిసారి అడుగుతున్నట్టు.
"గుండె నువ్వే ఉంచుకో. దాని మీది పొర చాలు."
ప్రతిసారీ నవ్వుతాడు.
ప్రతిసారీ కత్తి పక్కన పెట్టి గోటితో ఒలుస్తాడు,
ఉడికిన గుడ్డుకి పెంకు కింది పొర
పసివాడి కోసం తీసినంత మెల్లగా.
చిల్లు పడితే డబ్బు తీసుకోడు.
కుక్కకి వేస్తాడు.

కడిగి, చట్రానికి లాగి కట్టి, కిటికీకి ఆనిస్తే
అందులోంచి వీధి కనబడుతుంది
పాలలో కలిసిపోయినట్టు.
కొండలెక్కిన ఎద్దు పొరే బాగా పలుకుతుందంటాడు ఉస్తా.
నేను నమ్మను.
కాని అడుగుతాను ఎల్మద్దీన్‌ని, కొండెక్కిందా అని.

ఉస్తా బాలాకిషీకి ఎడమ చెవి లేదు.
ఉంది, ముఖానికి ఉంది. వినడానికి లేదు.
పట్టుమిల్లులో పద్దెనిమిదేళ్ల హోరు తినేసింది.
కుడిచెవి కూడా ఈమధ్య
సగం మాటల్నే లోపలికి రానిస్తోంది.
అందుకని ఆయన చెక్కని కొరికి చూస్తాడు.
మల్బరీ దిమ్మ అంచు పళ్ల మధ్య పెట్టుకుని
వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి కళ్లు మూసుకుంటాడు.
కుండ కొన్నా కొట్టి చూసే లోకంలో
కొరికి కొనేవాడు ఈయనొక్కడే.
"చెవికి మొహమాటం ఎక్కువ, పిల్లా. పంటికి లేదు."

చలికాలం కొట్టి ఏడేళ్లు నీడన ఆరిన దిమ్మల్లో
పదింటికి రెండు పలుకుతాయి.
మిగతావి ఊఁ అంటాయి, అంతే,
వినకుండా ఊకొట్టే మనిషిలా.

ఓ గురువారం తుకజ్బాన్ నానమ్మ
మేనల్లుడి ట్రక్కులో మొద్దు తెచ్చింది.
మిల్లు మూసిన ఏడు కొట్టించి గడ్డి కింద దాచిందట.
మనవడికి తార్ చేయాలి, ఈ చెట్టుతోనే చేయాలి.
"నలభై వసంతాలు ఆకు పెట్టింది పురుగులకి.
రాత్రిళ్లు ఆ నమలడం వినాలి నువ్వు,
రేకుల కప్పు మీద వానే అనుకో.
అంత వాన విన్న చెట్టయ్యా,
పలక్కుండా ఎలా ఉంటుంది?"

ఉస్తా కొట్టాడు. కొరికాడు. మళ్లీ కొట్టాడు.
నేనూ విన్నాను.
ఎవరూ లేని ఇంటి తలుపు తట్టినట్టుంది.

"ఏటా కొమ్మలు నరికారు నానమ్మా, ఆకు కోసం.
నరికిన చోటల్లా ముడి.
నాదం ముడి దాకా వచ్చి దారి అడుగుతుంది.
చెప్పేవాళ్లుండరు."

ఆమె ఏడవలేదు.
తలగుడ్డ సర్దుకుని మొద్దు మీదే కూర్చుంది,
టీ ఇస్తే చక్కెర ముక్క పంటి కింద పెట్టుకుని తాగింది.
"మరి ఎందుకు పనికొస్తుంది?" అంది.
మొద్దు గురించే అనుకున్నాను.

ఉస్తా చాలాసేపు చూసి
సరిగ్గా ముడి ఉన్న చోటే రంపం పెట్టాడు.
బిరడలు చేశాం.
ముడిచెక్క జారదు. తీగ ఎంత గుంజినా
కోర్టుకెక్కిన దాయాదిలా పట్టు వదలదు.
బుర్ర వేరే చెట్టుది, మెడ అక్రోటుది, గుర్రం ఎముకది.
పొర ఎల్మద్దీన్ ఇచ్చిందే,
కొండెక్కిందో లేదో తెలియని ఎద్దుది.

తీగలు ఎక్కించిన రాత్రి
ఒక్కటి మీటాను.
నేను ముట్టనిది, పక్కది, తనంతట తను వణికింది.
పుస్తకాల్లో దీని పేరు అనునాదం.
ఉస్తా మాత్రం చుట్టరికం అంటాడు:
ఒకరింట్లో పిలిస్తే ఇంకొకరు పలకడం.

"ఇంకోసారి," అంటూ నా ఒళ్లోని తార్ మీదికి వంగి
ఆ బిరడని పళ్ల మధ్య పట్టుకున్నాడు.
మీటాను.
మళ్లీ మీటాను.
కళ్లు తెరవడు.
పొయ్యి మీద టీ నీళ్లు మరిగి మరిగి
ఇంకిపోయాయి.

నెల తర్వాత నానమ్మ వచ్చి
తార్‌ని అటూ ఇటూ తిప్పి
బిరడ మీది రెండు గాట్లు వేలితో తడిమి అడిగింది,
"ఎలుక కొరికిందా?"

ఉస్తాకి వినబడలేదు.
వినబడనట్టే ఉన్నాడు.